ఓడినవాళ్ళ గుర్రాలు

చరిత్ర మాస్టర్లుగా చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. "సార్, మీ అనుభవం చెప్పండి" అంటారు. ప్రమోషన్లు, బదిలీలు, ఇంక్రిమెంట్ల సంగతి నేను ఎత్తను. అవి అందరికీ ఒకటే, వినేవాళ్ళకు ఆవులింతలు వస్తాయి. నాకు చెప్పదగ్గవి రెండు మూడున్నాయి. వాటిలో పెద్దది అమెరికా అంతర్యుద్ధం. అది జరిగిన తొంభై ఏళ్ళకు, 1956లో, పత్తికొండ దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊరి హైస్కూల్లో, ఆరో ఫారం గదిలో నా నెత్తిన పడింది.

ఆ ఊరి పేరు రాయను. అక్కడి పెద్దమనుషుల మనవళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద వ్యాపారాల్లో ఉన్నారు, నాతో మంచిగా మాట్లాడతారు. ఆ మంచి చెడగొట్టుకోవడం నాకిష్టం లేదు.

సముద్రం చూడని పిల్లలు

మాది కడప పక్క పల్లె. మద్రాసులో ట్రైనింగు పూర్తి చేసి, కర్నూలు జిల్లాలో ఉద్యోగంలో చేరాను. కర్నూలు అప్పట్లో ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఇళ్ళు చాలక ఆఫీసుల వాళ్ళు గుడారాల్లో ఉన్న రోజులు. ఆ సందడంతా బస్సు దిగి రెండు మైళ్ళు నడిచేసరికి వెనకబడిపోయేది. మా బడి దగ్గర ఎర్రమట్టి, రాళ్ళు, ఎండ.

పాఠ్యపుస్తకంలో "అమెరికా చరిత్రలో ముఖ్యమైన మలుపులు" అని ఒక అధ్యాయం ఉండేది. పన్ను మీద కోపంతో టీ పెట్టెలు సముద్రంలో పారేయడం, స్వాతంత్ర్యం, ఫ్రెంచి వాళ్ళ దగ్గర సగం ఖండం కొనడం, అంతర్యుద్ధం, షేర్ల బజారు కూలడం. ఒక్కో మలుపుకు ఒక తేదీ, నాలుగు లైన్లు. మా పిల్లలు సముద్రం చూడలేదు. టీ కూడా సగంమంది తాగి ఎరగరు. టీ పెట్టెల సంగతి ఎంతో ఉత్సాహంగా చెప్తే ఒకడు లేచి, "పారబోసేదానికి బదులు తాగేసి, పన్ను మాత్రం కట్టం అని చెప్పింటే సరిపోయేది కదా సార్" అన్నాడు. గదంతా నవ్వు. వాణ్ణి కూర్చోబెట్టాను గాని, ఇంతవరకు ఆ ప్రశ్నకు నా దగ్గర మంచి జవాబు లేదు.

అసలు మలుపు అనే మాట మీదే నాకు అనుమానం. బండిలో పడుకున్నవాడికి బండి ఎక్కడ తిరిగిందో తెలియదు. తెల్లారి లేచి, ఇదేమి ఊరని అడిగినప్పుడు తెలుస్తుంది. పుస్తకం రాసేవాడు తెల్లారి లేచినవాడు. ఈ సంగతి పిల్లలకు చెప్పకుండా తేదీలు బట్టీ పట్టించే మాస్టరు దండుగ. ఈ మాట అంటే కొందరికి కోపం వస్తుంది, రానీ.

ఇంట్లో ఒప్పజెప్పడం

మా హెడ్మాస్టరు బక్కపలచటి మనిషి. నవ్వగా ఎవరూ చూడలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నవి రెండే. ఒకటి, తెలియనిది అడిగితే తెలియదని చెప్పి మరుసటి వారానికి తెలుసుకొని రావడం. రెండోది ఆయన సొంతంగా పెట్టిన కట్టుబాటు. ప్రతి పిల్లవాడూ ఆ రోజు విన్న పాఠం సాయంత్రం ఇంట్లో పెద్దవాళ్ళకు ఒప్పజెప్పాలి. నాయనకో, ఇంట్లో ఉండే ముసలి జేజికో, ఎవరు దొరికితే వాళ్ళకు.

"మీరు గదిలో చెప్పినప్పుడు పాఠం సగమే అయినట్టు. చదువురాని జేజికి వాడు చెప్పగలిగితే మిగతా సగం" అనేవారాయన.

నేను చేరిన కొత్తల్లో ఇదొక చాదస్తం అనుకున్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను చూసిన మంచి పద్ధతి ఇదొక్కటే. నన్ను చిక్కుల్లో పడేసిందీ ఇదే.

కుడి బెంచీలు, ఎడమ బెంచీలు

ఆ ఊళ్ళో రెండు పార్టీలు. ఎలక్షన్లతో సంబంధం లేదు, తాతల నాటి పగ. ఒక పక్క లింగారెడ్డి, ఒక పక్క ఓబుళరెడ్డి. బడి గదిలో వాకిలికి కుడివైపు లింగారెడ్డి పార్టీ పిల్లలు కూర్చుంటారు, ఎడమవైపు ఓబుళరెడ్డి పార్టీ పిల్లలు. నీళ్ళకుండలు కూడా రెండు. పిల్లలు ఎక్కువని రెండు పెట్టారనుకున్నాను. కడపవాడివై ఉండి ఆ మాత్రం తెలియదా అని మీరు నన్ను అడగవచ్చు. పార్టీలు నాకు కొత్త కాదు. అవి బెంచీల వరుసన బడిలోకి కూడా వచ్చి కూర్చుంటాయని తోచలేదు.

అంతర్యుద్ధం పాఠం వచ్చింది. బడి తెరిచిన కొత్త, పిల్లలింకా సెలవుల మత్తులో ఉన్నారు. వాళ్ళను కదిలించాలని గది మధ్య సుద్దముక్కతో గీత గీశాను. "కుడి బెంచీల వాళ్ళు ఉత్తరాది. ఎడమ బెంచీల వాళ్ళు దక్షిణాది" అన్నాను.

ఆ పూట పాఠం చాలా బాగా చెప్పానని మురిసిపోయాను. కుడిపక్క వాళ్ళు బెంచీలెక్కి కేకలు పెట్టారు. ఎడమపక్క వాళ్ళు గట్టిగా పోరాడారు గాని, చరిత్రను నేను మార్చలేను గదా. చివరకు, "దక్షిణాది లొంగిపోయింది. ఎడమపక్క వాళ్ళు మీ ఆయుధాలు, అంటే పుస్తకాలు, కింద పెట్టండి" అన్నాను. ఒక్కొక్కరే లేచి పుస్తకాలు నేలమీద పెట్టారు. వాళ్ళ ముఖాలు ఎర్రబడి ఉంటే ఎండకనుకున్నాను.

సాయంత్రం కట్టుబాటు ప్రకారం అందరూ ఇళ్ళలో ఒప్పజెప్పారు.

మరునాడు ఎడమ బెంచీలు ఖాళీ. హెడ్మాస్టరు గదిలోకి తొంగిచూసి, సంగతేమిటని కనుక్కొని, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల? తొక్కారు గదా, కడుక్కోండి" అని వెళ్ళిపోయారు. ఆరో ఫారం అంటే పబ్లిక్ పరీక్ష ఏడాది. సగం గది ఇంట్లో కూర్చుంటే వాళ్ళకు ఆ ఏడు పోయినట్టే.

ఓబుళరెడ్డి అడిగినది

రెండు రోజులకు ఓబుళరెడ్డి వచ్చాడు. సన్నగా, ఎత్తుగా, మెడలో తువ్వాలుతో నడిచి వచ్చాడు. వెనక ఆయన దగ్గర ఎద్దుల పనికి జీతమున్న నరసప్ప. కుర్చీ వేస్తే కూర్చోలేదు, వరండా అరుగు మీద కూర్చున్నాడు.

"ఏమయ్యోరా, మావోళ్ళను ఓడగొట్టినావంట?"

"అది అమెరికాలో జరిగిన యుద్ధం రెడ్డిగారూ. మనకేమి సంబంధం?"

"సంబంధం లేకుంటే మా పిల్లోళ్ళతో పుస్తకాలు యాల కింద పెట్టిస్తివి?"

ఆయన గొంతు పెంచలేదు. అది ఇంకా కష్టంగా ఉండింది.

"పోయిన ఎండల్లో వంక కాడ కొట్లాటయినాది. మేం ఓడినాం. చెప్పుకునేదానికి నాకేం సిగ్గు లేదు. లింగారెడ్డి మనుషులు మా ఎద్దుల్ని తోలుకొనిపోయి వాళ్ళ దొడ్లో కట్టేసుకుండారు. ఏరువాక వస్తాంది. ఒక వాన పడితే ఇత్తేదానికి గొర్రు కట్టల్ల. ఎద్దులు లేకుంటే మా పిల్లోళ్ళే పార పట్టుకోని సేన్లో దిగల్ల. ఇంగ బడి యాడిది? నీ మింద కోపంతో ఆపినామనుకుంటాండావేమో. ఆ కోపం ఒక్కపూటది. ఎద్దులు వస్తే పిల్లోళ్ళు వస్తారు. రాకుంటే రారు."

పోలీసుల దగ్గరికి పోవచ్చు గదా అన్నాను. నేనేదో అనరాని మాట అన్నట్టు చూశాడు. ఓడిపోవడం కన్నా అది వాళ్ళకు చిన్నతనం.

లేచి పోబోతూ ఆగాడు. "ఒగటడుగుతా చెప్పు. ఆ యుద్ధం అయిపోయినంక, గెలిచినోళ్ళు ఓడినోళ్ళ గొడ్లను ఏం చేసిరి?"

పుస్తకంలో లొంగిపోయిన తేదీ ఉంది. గొడ్ల సంగతి లేదు. "నాకు తెలియదు రెడ్డిగారూ. తెలుసుకొని చెప్తాను."

"తెలీదని చెప్పే అయ్యోర్ని ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. అది మెప్పో ఎగతాళో ఇప్పటికీ నాకు తెలియదు.

నరసప్ప అంతసేపూ మెట్టు కింద నిలబడే ఉన్నాడు. పోతూ పోతూ నాతో మెల్లగా, "ఆ జత నేను సాకినది సామీ. మా ఎర్రెద్దు పరాయోళ్ళ సేతి నీళ్ళు తాగదు. ఎట్లుండాదో ఏమో" అన్నాడు.

కర్నూలు పోయి వచ్చాక

శనివారం కర్నూలు బస్సెక్కాను. అక్కడి లైబ్రరీలో అమెరికా చరిత్ర మీద ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం ఒకటుందని తెలుసు. తల కింద దిండుగా పనికొస్తుందని తోటి మాస్టర్లు దాని మీద వేళాకోళం చేసేవాళ్ళు. మధ్యాహ్నం భోజనం మరిచిపోయి చదివాను. ఓబుళరెడ్డి అడిగినది అందులో ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చరిత్ర చదివి ఏడ్చిన మాస్టర్లు తక్కువ, నవ్వితే నవ్వండి.

సోమవారం హెడ్మాస్టరుకు చెప్పాను. గదిలో మిగిలినది లింగారెడ్డి పార్టీ పిల్లలు. ఇది చెప్తే ఓబుళరెడ్డి వైపు మాట్లాడుతున్నాననుకుంటారని భయమన్నాను.

"పుస్తకంలో ఉందా?"

"ఉంది సార్."

"మీరు కల్పించలేదు గదా. మరి భయమెందుకు?"

ఈసారి గీత గీయలేదు, పక్షాలు పెట్టలేదు. ఊరికే కథలా చెప్పాను. ఒక పల్లెలో ఒక ఇంటి ముందుగదిలో సేనాధిపతులిద్దరూ కలుసుకున్నారు. ఓడినాయన ఉతికిన బట్టలు, కొత్త కత్తితో వచ్చాడు. గెలిచినాయన బూట్లకు బురద. షరతులు కాగితం మీద రాసుకున్నారు. అప్పుడు ఓడినాయన, మా సైనికుల గుర్రాలు వాళ్ళ సొంతవి అన్నాడు. గెలిచినాయన కాసేపు ఆలోచించాడు. వీళ్ళంతా చిన్న రైతులు, ఎండాకాలం పంట వేసుకోకపోతే చలికాలం గడవదు. గుర్రమో, కంచరగాడిదో నాదని ఎవడంటే వాణ్ణి తోలుకుపోనివ్వమని తనవాళ్ళకు చెప్పాడు. ఆకలితో ఉన్న ఆ సైన్యానికి తిండి కూడా పంపించాడు.

ఆ సాయంత్రం లింగారెడ్డి చిన్నకొడుకు ఇంట్లో ఒప్పజెప్పాడు.

మరునాడు పాఠం మధ్యలో లింగారెడ్డి గది వాకిట్లో నిలబడ్డాడు. భారీ మనిషి, వాకిలి నిండిపోయింది.

"ఏమప్పా అయ్యోరా, నాకు బుద్ధి చెప్పేదానికి అమెరికా దాకా పోయినావా?"

"కర్నూలు దాకానే పోయినాను రెడ్డిగారూ. పుస్తకంలో ఉన్నది చెప్పినాను."

"ఆ గెలిచినోనికి మతి ఉండాదా? గుర్రాలిచ్చి పంపితే మల్ల అవే ఎక్కి యుద్ధానికి రారా?"

"రాలేదు. ఆ సైన్యం మళ్ళీ లేవలేదు. ఇళ్ళకు పోయి సేద్యం చేసుకున్నారు."

లింగారెడ్డి లోపలికి రాలేదు, వెనక్కు పోలేదు. ద్వారబంధం మీద చెయ్యి పెట్టి, "గెలిచినోడు తనే కాగితంలో రాసిచ్చినాడా?" అన్నాడు.

"లేదు. రాసినదాంట్లో ఒక్క అక్షరం మార్చలేదు. తీసుకుపోయేవాళ్ళను ఆపొద్దని నోటిమాట చెప్పాడు, అంతే."

"రాసింది మార్చలేదా?"

"మార్చలేదు."

"ఊఁ" అని వెళ్ళిపోయాడు.

ఏరువాక

ఏరువాక పున్నమి నాడు ఆ ఊళ్ళో ఎద్దుల్ని వంకలో కడిగి, కొమ్ములకు రంగు పూసి, మెడలో గంటలు కడతారు. ముందురోజు వాన పడి వంకలో నీళ్ళొచ్చాయి. లింగారెడ్డి మనుషులు దొడ్లోని ఎద్దులన్నిటినీ తోలుకొచ్చారు, తమవీ ఓబుళరెడ్డివీ కలిపి. అన్నిటినీ కడిగారు. తమవాటి మెడకు పలుపుతాళ్ళు వేసుకున్నారు. మిగతావాటికి వేయలేదు. ఊరి ముందర అంతా నిలబడి చూస్తున్నాం.

వంక అవతలి గట్టున నరసప్ప నిలబడి ఉన్నాడు. పిలవలేదు, కేక పెట్టలేదు. ఎర్రెద్దు తలెత్తి చూసింది. నీళ్ళలో దిగి అవతలికి నడిచింది. దాని వెనక మిగతావి. లింగారెడ్డి గట్టు మీద మీసం దువ్వుకుంటూ మరోవైపు చూస్తున్నాడు. ఎవరూ ఆపలేదు. పాము చావకుండా, కర్ర విరక్కుండా అంటారే, దాన్ని కళ్ళారా చూశాను. నరసప్ప ఎర్రెద్దు మెడ కావిలించుకొని పసిపిల్లవాడిలా ఏడ్చాడు.

తర్వాతి సోమవారం ఎడమ బెంచీలు నిండాయి. రెడ్డొచ్చె మొదలాడు అన్నట్టు పాఠాలన్నీ మొదటినుంచి అందుకున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా చెప్పిన పాఠాలు లేవు. పార్టీలు మాయమైపోయాయని మాత్రం అనుకోకండి. నీళ్ళకుండలు రెండూ అలాగే ఉన్నాయి. ఒక కథ చెప్పి ఊరు మార్చేశానని గొప్పలు చెప్పే మాస్టర్లను నమ్మకండి. ఆ ఏడు ఎద్దులు ఇల్లు చేరాయి, పిల్లలు బడికొచ్చారు. నాకదే ఎక్కువ.

ఎదురు పేజీ

అక్కడితో ఆపి ఉంటే ఆ ఊళ్ళో నాకు మంచి పేరు మిగిలేది. కానీ లావుపాటి పుస్తకంలో గుర్రాల పేజీకి ఎదురుగా ఇంకో పేజీ ఉంది. అది కూడా చదివాను. చదివినదాన్ని చదవనట్టు ఉండలేను.

యుద్ధం ముగిసేవేళకు, విడుదలైన నల్లజాతి బానిసలకు సముద్రపు ఒడ్డున కొన్ని చోట్ల తలా ఇంత భూమి ఇచ్చారు. వాళ్ళు దున్నుకున్నారు. అధ్యక్షుణ్ణి ఎవరో కాల్చి చంపారు. కొత్తగా వచ్చినాయన ఆ భూమి తీసి పాత ఆసాములకే ఇప్పించాడు. ఓడినవాళ్ళకు గుర్రాలు మిగిలాయి, భూములూ తిరిగొచ్చాయి. ఎవరి కోసం అంత నెత్తురు పారిందో వాళ్ళ చేతిలో ఏమీ లేదు. ఇదంతా గదిలో చెప్పాను. సాయంత్రం రెండు పార్టీల ఇళ్ళలోనూ పిల్లలు ఒప్పజెప్పారు.

రెండు రోజుల తర్వాత బడి ముందర ఒక బండి ఆగింది. అందులోంచి లింగారెడ్డి దిగాడు. ఆ వెనకే ఓబుళరెడ్డి దిగాడు. ఇద్దరూ ఒకే బండిలో! ఆ ఊరు పుట్టాక అలాంటిది ఎవరూ చూసి ఉండరు. బండి ముందరి నొగ మీద కూర్చొని తోలుకొచ్చినవాడు నరసప్ప. కట్టినవి ఎర్రెద్దు, దాని జత.

హెడ్మాస్టరు గదిలోకి నన్ను పిలిచారు.

"అయ్యోరు మంచోడే సార్. గుర్రాల కత బాగుండాది. అంతటితో ఆపమను" అన్నాడు లింగారెడ్డి.

ఓబుళరెడ్డి నా వైపు చూడలేదు. "పనోళ్ళకు బూములిచ్చే కత పిల్లోళ్ళకు ఏంటికి సార్? మా జీతగాళ్ళ చెవిన పడితే ఏమయితాది?"

"ఇచ్చి, మళ్ళీ తీసుకున్నారని చెప్పినాను రెడ్డిగారూ."

"అది ఇంగా చెడ్డది" అన్నాడు లింగారెడ్డి. "ఇయ్యకుంటే మర్చిపోతారు. ఇచ్చి గుంజుకుంటే మర్చిపోరప్పా."

అంతర్యుద్ధం గురించి అంతకన్నా తెలివైన మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

హెడ్మాస్టరు నన్నడిగారు, "పరీక్షలో వస్తుందా ఇది?"

"రాదు సార్."

రెడ్లిద్దరి ముఖాలూ తేటపడ్డాయి. హెడ్మాస్టరు వాళ్ళవైపు తిరిగారు. "గుర్రాల సంగతి కూడా పరీక్షలో రాదు రెడ్డిగారూ. ఎదురెదురు పేజీల్లో ఉన్నవాటిలో ఒకటి చెప్పమని, ఒకటి వద్దని అనడం నాకు చేతకాదు." ఆ మాట అన్నాక లేచి నిలబడ్డారు. ఇక మాట్లాడేది లేదని దాని అర్థం.

పాఠం ఆగలేదు. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది. ఎవరు చేయించారని నేను అడగలేదు. ఆ ఇద్దరూ కలిసి చేసిన పనుల్లో బహుశా అది రెండోది. నాకు కోపం లేదని చెప్తే అబద్ధం. చాలా రోజులు ఉండింది. ఉత్తరాది, దక్షిణాది చేతులు కలిపాక ఏం జరిగిందో లావుపాటి పుస్తకంలో చదివాను గాని, ఆ బండి మా బడి ముందర ఆగినప్పుడే నాకు అది అర్థమైంది.

రెడ్లిద్దరూ వచ్చిన ఆ రోజు గదిలోంచి నేను ముందుగా బయటికొచ్చాను. హెడ్మాస్టరు గది కిటికీ తెరిచే ఉంది. దాని కింద బండి. నరసప్ప ఎర్రెద్దు నొసలు రుద్దుతున్నాడు. అంతా విన్నాడు.

"సామీ, ఇచ్చిన బూమి మల్లా గుంజుకున్నారా?"

"గుంజుకున్నారు నరసప్పా."

"మల్ల వాళ్ళెట్ల బతికిరి?"

"ఆ చేన్లోనే కోరుకు చేశారు. పండిన దాంట్లో సగం ఆసామికి."

"అంతేనా కత? అయిపోయినాదా?"

"అయిపోలేదు. మొన్న పేపర్లో పడింది. అక్కడ దక్షిణాన ఒక ఊళ్ళో బస్సుల్లో ఈ నల్లవాళ్ళు వెనక కూర్చోవాలంట. తెల్లవాళ్ళొస్తే లేచి సీటివ్వాలంట. ఇక మేం ఎక్కం అని బస్సులే మానేశారు. నెలల తరబడి పనులకు నడిచే పోతున్నారంట."

నరసప్ప ఎద్దు నొసటి మీంచి చెయ్యి తీయలేదు.

"నడిచేదానికేముంది సామీ. మనకు అలవాటే కదా" అన్నాడు.

రెడ్లిద్దరూ వచ్చి బండెక్కారు. "నర్సిగా, ఎక్కి తోలరా" అన్నాడు ఓబుళరెడ్డి.

"నడుస్తాలే రెడ్డీ" అన్నాడు నరసప్ప. నొగ మీద కూర్చోలేదు. పలుపు పట్టుకొని, ఎర్రెద్దు పక్కన ఊరిదాకా నడిచే పోయాడు.